ఒక్క కోడికి ఒక్క చాట

పక్కింటి పెద్దమ్మ పోయిందని ఆమె కూతురు పొద్దున్నే దవాఖాన నుంచి ఫోన్ చేసి చెప్పింది. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. సిగ్గుపడాల్సిన మాటే, కానీ నిజం. “ఆఖరి దాకా కోళ్ల గురించే అడిగింది అన్నా. అవి నీ జిమ్మ, నువ్వే సూసుకోవాలె అన్నది,” అంది ఆ పిల్ల ఏడుస్తూనే. ఫోన్ పెట్టేసి గోడ మీంచి చూశాను. ఆమె ఆసుపత్రిలో ఉన్న నాలుగు రోజులూ నేనే వాటికి గింజలు వేశాను కానీ, అది ఆమె తిరిగొచ్చేదాకా అనుకున్నాను. ఇప్పుడు ఆ తొమ్మిది కోళ్లూ ఇనుప జాలి వెనక నిలబడి నావైపే చూస్తున్నాయి. నా చేతిలో కోళ్లు ఎలా చస్తాయో నాకు తెలుసు. పెద్దమ్మకూ తెలుసు. అయినా నా పేరే చెప్పింది.

పెద్దమ్మ మాకు చుట్టమేమీ కాదు. ఇబ్రహీంపట్నంలో మేం ఇల్లు కట్టుకున్నప్పటికే గోడ అవతల ఉన్న మనిషి. వాళ్లింటివాళ్లు పెద్దచెరువులో చేపలు పట్టేవారు. భర్త పోయాక ఆమె కోళ్లు పెట్టుకుని, గద్ద రాకుండా ఆయన పాత వలను పెరటి మీద పందిరిలా కట్టింది. నేను ఆదిభట్లలో ఒక కంపెనీ స్టోరులో పనిచేస్తాను. బస్సెక్కాక కూడా గ్యాస్ కట్టేశావా అని ఇంటికి ఫోన్ చేసే రకం. “డ్యూటీకి నువ్వు పోతున్నవా, నీ భయం పోతున్నదా?” అని మా ఆవిడ రోజూ ఏడిపిస్తుంది.

నా మొదటి కోళ్లగూడు ఆ భయానికి తగ్గట్టే ఉండేది. పాత కూలరు డబ్బాకు రేకులు కొట్టించాను. ఏ సందులోంచి పాము దూరుతుందో అని ప్రతి సందులోనూ సిమెంటు సంచి కుక్కాను. పెద్దమ్మ గోడ మీంచి తొంగిచూసింది.

“గిది కోళ్ల గూడా, డబ్బనా? ఎన్ని కోళ్లు బిడ్డా?”

“పది, పెద్దమ్మా.”

“ఇంట్ల పది మంది ఉన్నరని నిన్ను బీరువల పండుమంటె పంటవా?”

నవ్వాను. “కుక్కలున్నయ్ పెద్దమ్మా,” అన్నాను.

“కుక్క బయట ఉంటది. లోపటి సంగతి సూసినవా?” అంది. నాకు అర్థం కాలేదు.

ఆ ఎండాకాలం ఒకరోజు పొద్దున మా గేటు దగ్గర మూడు కుక్కలు మట్టి తవ్వుతూ కనిపించాయి. మా ఆవిడ పుట్టింట్లో ఉంది. కోళ్లను బయటికి వదలకుండా, గొళ్లెం రెండుసార్లు చూసుకుని డ్యూటీకి వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి రేకు మీద చెయ్యి పెట్టలేకపోయాను. తలుపు తీస్తే ఆరు కోళ్లు మూలన ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, ముక్కులు తెరుచుకుని. నేను అరిచిన అరుపుకు పెద్దమ్మ గోడ చుట్టూ తిరిగి పరుగెత్తుకొచ్చింది. కొన ఊపిరితో ఉన్న నాలుగింటిని నీడకు చేర్చి, తడిగుడ్డతో ముక్కుల్లోకి నీళ్లు చుక్క చుక్క పిండింది. చచ్చినవాటిని వరసగా పడుకోబెట్టింది. అప్పుడు నా మొహం చూసి అంది:

“కుక్క రాలే, పాము రాలే. నువ్వే సంపినవ్ బిడ్డా.”



మర్నాడు ఆమె ఒక చేతిలో చాట, ఇంకో చేతిలో ముగ్గుపిండి డబ్బాతో వచ్చింది. బియ్యం చెరిగే మామూలు వెదురు చాటే. దాన్ని నేల మీద పెట్టి, చుట్టూ ముగ్గుతో గీత గీసి, పక్కకు జరిపి మళ్లీ గీసింది. “ఒక్క కోడికి ఒక్క చాట. ఎక్కి కూసునే కర్ర మీద జానెడు. బయట తిరగనీకి రెండు కోళ్లకు ఒక మంచమంత జాగ. గింత లేదంటవా, పెంచకు. గుడ్లు కొనుక్కొని తిను.” మా జాగాలో ఆరు గడులే పడ్డాయి. ఇంకో రెండు ఎక్కువ పెడితే ఏమవుతుందని అడిగాను. “ఒకదాన్నొకటి పొడుసుకుంటయ్. రోగమొస్తె ఒక్కటి తుమ్మంగనే అన్నీ పోతయ్,” అంది.

కొత్త గూడు ఆమె చెప్పినట్టే కట్టాం. కింద రాళ్ల ఎత్తు, నేల మీద పొడి ఊక, కప్పు కింద చుట్టూరా బెత్తెడు సందు, ఆ సందుకు ఇనుప జాలి. వానజల్లు పడుతుందేమోనని ఆ సందులో నేను గోనెపట్టా కుక్కబోతే చేతి మీద ఒక్కటి కొట్టింది. కోళ్లను వదిలే ముందు, మిట్టమధ్యాహ్నం నన్నే లోపలికి తోసింది. “తలుపేసుకొని కూసో. నీకు ఊపిరాడితె దానికాడుతది.” మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. బయట రాయి మీద ఆమె, ఆమె పక్కన నవ్వాపుకోలేక మా ఆవిడ.

“నీకు భయం కాదా పెద్దమ్మా?” అని లోపలి నుంచే అడిగాను.

“ఎందుకు కాదు? ఊక తడిస్తె భయమే, ఎండ కొడితె భయమే. భయం లేనోడు తలుపు సూడడు. గని భయపడి ఊపిరాడే సందు మూస్తె ఎట్ల?”

రోజూ పొద్దుగూకేవేళ ఆమె గూట్లోకి వంగి ఒక్కో కోడి వీపు మీద చెయ్యేసి లెక్కపెట్టేది. చివరి అంకె మాత్రం గోడ దాటేలా గట్టిగా అనేది. “తొమ్మిది! నీయి?” నేను ఇటు నుంచి “నాలుగు!” అనేవాణ్ని. ఆ తర్వాతే నాకు ధైర్యంగా అన్నం సహించేది. ఇంత చిన్న మాట మీద నేను ఆనుకుని బతుకుతున్నానని ఆమె పోయాకే తెలిసింది.

పెద్దమ్మ ఇంటి స్థలం ప్లాట్ల వాళ్లకు ఇచ్చేశామని, దినాలు కాగానే చదును చేస్తారని కూతురు చెప్పింది. తొమ్మిదీ నాలుగూ పదమూడు. నా గూడు ఆరింటిది. “చుట్టాలకు కొన్ని ఇచ్చెయ్యరాదు?” అంది మా ఆవిడ. “జిమ్మ అన్నది నాకు, చుట్టాలకు కాదు,” అన్నాను. బండి పెట్టుకునే షెడ్డు ఖాళీ చేసి, మేస్త్రీని పిలిచి, గూడు అందులోకి పెరిగేలా మధ్య గోడ పగలగొట్టించాను. పెద్దమ్మ చాట అడిగి తెచ్చుకున్నాను. పన్నెండు గడులు సరిగ్గా వచ్చాయి, పదమూడోది గోడకు తగిలి సగమే పడింది. “సగం చాటే కద అన్నా, సర్దుకుంటయ్,” అన్నాడు మేస్త్రీ. జాలి ఇవతలికి జరిపించి, పదమూడో గడి నిండుగా గీశాకే అతన్ని పంపాను. మధ్యాహ్నం తలుపేసుకుని లోపల కూర్చున్నాను. చెమట పట్టింది, కానీ మెడ మీద గాలి తగిలింది.

కోళ్లను తెచ్చి వదిలాను. కొత్త గూటికి తెచ్చిన కోడిని నాలుగు రోజులు బయటికి వదలొద్దని పెద్దమ్మ ఎప్పుడో చెప్పింది. గుర్తుంది కూడా. కానీ గొళ్లెం మీద చెయ్యి పెట్టగానే ఆ ఆరు ముక్కులు కనిపించాయి. పొద్దుగూకేదాకా తెరిచే ఉంచాను.

సంధ్యవేళ వీపుల మీద చెయ్యేసి లెక్కపెట్టాను. పన్నెండు. మళ్లీ లెక్కపెట్టాను. పన్నెండే. పెద్దమ్మ ఎర్రపెట్ట లేదు. మోరీ కాలువలో చూశాను, బండి కింద చూశాను, సందు చివరిదాకా పరుగెత్తాను. అక్కడ కుక్కలు తీరిగ్గా పడుకుని ఉన్నాయి. వాటి మూతులకేసి చూడ్డానికి భయపడ్డాను. ఒక్క రోజు కూడా కాలేదు పెద్దమ్మా అనుకుంటూ ఏడ్చాను. చివరికి గోడ దూకి ఆమె పెరట్లోకి వెళ్లాను.

ఎర్రపెట్ట ఆమె గూట్లోనే ఉంది. తొమ్మిది కోళ్లు కూర్చునే కర్ర మొత్తం ఖాళీగా ఉన్నా, అది ఎప్పటిలాగే ఆ చివరన తన జానెడులోనే ఒదిగి కూర్చుంది. వంగి, దాని వీపు మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది.

“పదమూడు!” అన్నాను, గోడ దాటేలా గట్టిగా.