పదివేల ఏడు కట్టలు

ఆ రోజుల్లో నాకు తెలియని లెక్క లోకంలో ఉందంటే నమ్మేవాణ్ని కాదు. మిగతా తప్పులను వయసు మీదికి తోసేయవచ్చు గానీ, ఒక వేసవి మధ్యాహ్నం ఆడవాళ్ల కష్టాన్ని వానపాలు చేసింది మాత్రం నా డిగ్రీ గర్వమే.

చండ్రుగొండ అవతల, అడవి అంచున, బీడీలు చుట్టే తునికాకు కల్లంలో నాకు ఆ వేసవికి కొలువు దొరికింది. ఆడవాళ్లు అడవికి పోయి ఆకు కోసి కట్టలు కట్టి తెస్తే, వాటిని వరుసకు వంద చొప్పున ఎండబెట్టించి లెక్క చూడటం నా పని. (గణితంలో పట్టా ఉన్నవాడికి ఇంతకంటే ఏం కావాలి!) ఆకు ఎండితేనే కూలి. తడిసి మచ్చపడిన కట్టను కాంట్రాక్టరు పక్కకు విసిరేసేవాడు.

ఆ రోజు వంద వరుసలు నిండాక ఏడు కట్టలు మిగిలాయి. మొత్తం పదివేల ఏడు. ఆ ఏడూ ఒక మూల బిక్కుబిక్కుమంటూ ఉంటే నాకు ప్రాణం ఒప్పలేదు. ఇంత పెద్ద సంఖ్య సమాన వరుసలకు లొంగకపోవడమా? నోటిలెక్క వేసి, "మూడు వరుసలు తీసి, మిగతా వాటికి మూడేసి కలపండి" అన్నాను. అందరిలోకీ పెద్దది, మేము పెద్దవ్వ అని పిలిచే ఆవిడ, నడుం పట్టుకుని లేచింది. అందరూ కలిపారు. ఈసారి పదహారు మిగిలాయి.

"ఏడు ఉన్నయి పదహారు చేసినవ్ గద సారూ! గింత సదువు ఏడ సదివినవ్?" అంది పెద్దవ్వ.

"ఆగవ్వా, ఫోన్ల చూస్తున్న."

"జల్దీ చూడు. మబ్బు పట్టింది. కుప్పేసి పరదా కప్పుదాం."

"ఒక్క నిమిషం!"

రెండుతో పోదు, మూడుతో పోదు, ఏడుతో పోదు. తొంభై ఏడు దాకా ఒక్కొక్క ప్రధాన సంఖ్యతో భాగించుకుంటూ పోయాను. దేనికీ లొంగలేదు. నా ఒళ్లు పులకరించింది.

"అవ్వా, ఇది ప్రధాన సంఖ్య! ఒకటీ, తనూ తప్ప దీన్ని ఇంకేదీ భాగించదు. ఐదంకెల్లో ఇదే మొట్టమొదటిది!"

"అంటే ఏంది?"

"ఎన్ని తిప్పలు పడ్డా సమాన వరుసలు రావు."

"గది జెప్పనీకి మమ్మల్ని గింతసేపు వంగబెట్టినవా? ఒక్కటే లైను పెట్టు సారూ, భద్రాచలం దాక పోతది!"

(గణితం ఒప్పుకునే వరుస నిజంగానే అదొక్కటే. ఆ మాట చెప్పబోయేలోగా నా ముక్కు మీద చినుకు పడింది.)

అందరం పరుగెత్తాం. సగం కట్టలు కుప్పకు చేరకముందే తడిసి ముద్దయ్యాయి. పెద్దవ్వ చీర కొంగు పిండుకుని, మిగిలిన కట్టల మీదికి పరదా లాగింది. నన్ను తిట్టినా బాగుండేది.

సాయంత్రం కాంట్రాక్టరుకు ఫోన్ చేసి తప్పు నాదని చెప్పాను. పాడైనవాటిని నా జీతంలో కోసుకొమ్మని, వాళ్ల కూలి ముట్టుకోవద్దని బతిమాలాను. మరునాడు ఎండ రాగానే కల్లంలోకి దిగి, తడి కట్టలను దులుపుతూ, తిరగేస్తూ పొద్దుగుంకేదాకా వంగే ఉన్నాను. పెద్దవ్వ వచ్చి నా ముందు సద్దిగిన్నె పెట్టింది.

"ఎన్ని బాగైనయి బిడ్డా?"

"తెల్వదవ్వా, లెక్కపెట్టలే."

ఆవిడ పకపకా నవ్వింది. తెలియదని చెప్పినా సిగ్గు వేయకపోవడం నాకే వింతగా తోచింది. నడుం పట్టేసి, నిటారుగా నిలబడలేక గిన్నె అందుకున్న ఆ కుర్రవాణ్ని తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.