ఏడో పెట్టె మీద ఊపిరి

ఇది జరిగింది. నా కళ్ళతో చూశాను. ఒట్లు పెట్టే అలవాటు నాకు లేదు. ఇంజనీరుని. కొలిచి కాగితం మీద రాసుకున్నదాన్నే నమ్ముతాను. ఆ రాత్రి కూడా రాసుకున్నాను. టైము, గదిలో చలి ఎంత, గాజుగొట్టంలో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయి... అన్నీ ఆ నోట్‌బుక్కులో ఉన్నాయి. ఒక్కటి తప్ప.

ఈ సంగతి నా నోట విన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. సౌదీలో, ముందు దమ్మాంలో, తర్వాత జెద్దాలో, మర్నాడు సెలవని గురువారం రాత్రి భోజనాలయ్యాక ఎవరో ఒకరు "ఆ ఊపిరి సంగతి చెప్పండి సార్" అనేవారు. చెప్పేవాణ్ణి. పిల్లలు తల్లుల ఒళ్ళోకి దూరేవారు. కానీ ప్రతిసారీ ఒక ముక్క మింగేసి చెప్పాను. ఈసారి ముందు ఆ ముక్కే చెప్పేస్తాను.

ఏడో పెట్టెను పాడుచేసింది నేను. లింబాద్రి కాదు.

కువైట్ కోసం యుద్ధం జరిగిన ఆ చలికాలం నేను దమ్మాం దగ్గర ఒక పరిశోధనశాలలో పనిచేస్తున్నాను. మాది కాకినాడ. అప్పటికి నాకు ముప్పై కూడా రాలేదు. మేం చేసేవి అల్యూమినియం పెట్టెలు. ఒక్కొక్కటి తలుపు రెక్కంత ఉంటుంది, మందం బెత్తెడు. లోపల వెంట్రుక కంటే సన్నటి తీగలు వందలకొద్దీ బిగించి ఉంటాయి. మిగతా ఖాళీ అంతా గ్యాస్. పైనుంచి రాత్రీ పగలూ రాలుతూనే ఉండే, కంటికి కనబడని కణాలు ఆ గ్యాస్‌లోంచి దూసుకుపోతే తీగలో చిన్న కరెంటు పుడుతుంది. కణం ఏ దారిన పోయిందో దాన్నిబట్టి తెలుస్తుంది. అలాంటివి ఎనిమిది చేసి విదేశంలో ఒక ప్రయోగానికి పంపాలి.

వాటికి శత్రువు ఒక్కటే. లీకు. సూదిమొన కూడా పట్టనంత సందున్నా చాలు, పెట్టె పనికిరాదు.

లీకులు పట్టడంలో లింబాద్రిని మించినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ఆర్మూరు పక్క పల్లె అతనిది. నాకంటే పదేళ్ళు పెద్ద. ఊళ్ళో ఫ్రిజ్జులకు గ్యాస్ నింపుతూ, ఆ పని మీదే ఇక్కడికి వచ్చాడు. పెట్టెల అతుకులు వేసేదీ అతనే. మేమైతే సబ్బునీళ్ళు పూసి బుడగ కోసం చూస్తాం. అతను అలా కాదు. నాలికతో పెదవులు తడుపుకుంటాడు. 'ట్చ్' అని ఒక చప్పుడు చేస్తాడు. మూతి అతుకు దగ్గర, తగిలీ తగలనట్టు పెట్టి, అంచు పొడవునా మెల్లగా జరుపుకుంటూ పోతాడు. తడి పెదవికి పిసరంత గాలి సోకినా ఆగిపోతాడు.

"ఈడుంది సారు."

అక్కడ సబ్బునీళ్ళు పూస్తే బుడగ రావలసిందే.

పై పెదవికి కూడా గాలి తెలియాలని మీసం తీసేశాడు. తండ్రి పోతే తప్ప మీసం తియ్యని ఊళ్ళవాళ్ళు అతనుండే కూలీల క్యాంపులో అందరూ. మొదటి రోజు సాయంత్రం ఒక్కొక్కరే మొహాలు వేలాడేసుకుని వచ్చి పక్కన కూర్చున్నారట.

"మా బాపు మంచిగున్నడు రా అయ్యా, గ్యాస్ కోసం తీసిన అంటే ఒక్కడన్న నమ్మలే సారు. ఫోటో ఇంటికి పంపితే మా ఆమె క్యాసెట్ల తిట్లు నింపి పంపింది. మీ అయ్య నా ఎదురుంగ కూసోని గట్క తింటుండు, గీ మూతేంది అని."

చెప్పి తనే ముందు నవ్వేవాడు.

ఒక రాత్రి ల్యాబ్‌లో మేమిద్దరమే ఉన్నాం. లీకు పరీక్ష రాత్రిపూటే పెట్టుకునేవాళ్ళం. పెట్టెకు తగిలించిన గాజుగొట్టంలో నీళ్ళు దిగితే లీకున్నట్టు. పగలు తలుపు వేసినా తీసినా గొట్టంలో నీళ్ళు కదిలిపోయేవి. ఆ రాత్రి... సైరన్ మోగింది.

అది మాకు మొదటిసారి. మాస్కులు తీసుకుని సామాన్ల గదిలోకి పరుగెత్తాలి. లైటు ఆర్పేశాం. చీకట్లో పరుగెత్తాను. నా మోకాలు పొట్టి బల్ల అంచున ఉన్న ఏడో పెట్టెకు తగిలింది. గ్యాస్ లోపలికి పోయే ఇత్తడి ముక్కు ఒకటి బయటికి పొడుచుకుని ఉంటుంది... సరిగ్గా దానికి. 'టంగ్' మంది. ప్యాంటు చిరిగింది. ఆగలేదు.

గదిలోకి దూరాం. తలుపు చుట్టూ ప్లాస్టిక్ షీటు, టేపు. లింబాద్రి ముందురోజే అంటించి పెట్టాడు. క్షిపణుల్లో విషవాయువు వస్తుందని అందరికీ భయం. నాకు మాస్కులో ఊపిరాడలేదు. నేల మీద కూలబడ్డాను. టార్చి వెలుగులో చూద్దును గదా, లింబాద్రి తన మాస్కు తీసేశాడు.

"ఏం చేస్తున్నావ్? పెట్టుకో! చస్తావ్!"

"ఉండు సారు. మాస్కు పెడితె పెదవికేం తెలుస్తది?"

ట్చ్.

తలుపు అంచు పొడవునా మూతి జరుపుకుంటూ పోయాడు. పైనుంచి కిందకి. మోకాళ్ళ మీద వంగి... కింద మూల దగ్గర ఆగిపోయాడు. "ఈడుంది." టేపు ముక్క కొరికి అంటించాడు. అంటే, బయట నిజంగా విషమే ఉంటే ముందుగా అతని పెదవికే తగిలేది. ఆ పని నాకోసం చేశాడు. తర్వాత వచ్చి నా పక్కన కూర్చుని వీపు నిమిరాడు.

"ఇగ ఏం రాదు సారు. గాలి మెల్లగ పీల్చు. పీల్చి ఇడువు. గంతే."

సైరన్ ఆగేదాకా నిమురుతూనే ఉన్నాడు.

మర్నాడు నేను ఒంటరిగా వెళ్ళి ఆ ఇత్తడి ముక్కును చూశాను. పగులేమీ కనబడలేదు. సబ్బునీళ్ళు పూశాను. బుడగ రాలేదు. ఏమీ కాలేదులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ వారం నుంచి ఏడో పెట్టె లీకవడం మొదలైంది. పగలు సబ్బునీళ్ళతో పరీక్షిస్తే శుభ్రంగా ఉండేది. రాత్రి పెట్టి పొద్దున చూస్తే గొట్టంలో నీళ్ళు పడిపోయి ఉండేవి. లింబాద్రి పగలంతా పెదవితో వెతికాడు. దొరకలేదు. అతని మొహం చిన్నబోయింది. "నా పెదవి మొద్దుబారిందా ఏంది సారు?" అని నన్ను అడిగాడు. నన్ను!

పంపే గడువు దగ్గరపడింది. మా పెద్దాయన, అక్కడ ముదీర్ అంటారు, మమ్మల్ని గదిలోకి పిలిచాడు. నా భార్యను తెచ్చుకోవడానికి వీసా కాగితం ఆయన బల్ల మీద ఉంది. సంతకం కావాలి. తలుపు దగ్గర లింబాద్రి నిలబడి ఉన్నాడు. ఇంగ్లీషు అతనికి రాదు.

"ఏడో పెట్టె అతుకులు ఎవరు వేశారు?"

"లింబాద్రి."

"అయితే అతని పని సరిగా లేదన్నమాట."

నోరు తెరవడానికి ఎంత సేపు? 'సార్, ఆ రాత్రి నా మోకాలు తగిలింది.' ఇంతే కదా. లింబాద్రి నావైపు చూస్తున్నాడు. నేను కాగితం వైపు చూశాను. తల ఊపాను.

వారంలో అతనికి ఫైనల్ ఎగ్జిట్, అంటే ఉద్యోగం తీసి ఇంటికి పంపే ముద్ర, కొట్టారు. రెండేళ్ళ కాంట్రాక్టులో ఎనిమిది నెలలే అయ్యాయి. బస్సు దగ్గరికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. లింబాద్రి సంచీలోంచి సగం వాడిన టేపు చుట్ట తీసి నా చేతిలో పెట్టాడు.

"మల్ల సైరన్ అయితె తలుపు కింద మూల జర చూసుకో సారు."

యుద్ధం ఆగింది. కువైట్‌లో బావులు ఇంకా తగలబడుతూనే ఉన్నాయి. ఉత్తరపు గాలి తిరిగిన రోజు సరిహద్దులోని ఖఫ్జీ మీదుగా పొగ మాదాకా వచ్చేది. మధ్యాహ్నం మూడింటికే లైట్లు వేసుకునేవాళ్ళం. లింబాద్రి వేసిన అతుకులన్నీ ఊడదీసి కొత్తగా వేశాం. అయినా రాత్రి కాగానే నీళ్ళు పడిపోయేవి. ఇక నేనే రోజూ రాత్రి కాపలా కూర్చునేవాణ్ణి. లింబాద్రి వెళ్ళి అప్పటికి నెల.

ఆ రాత్రి పొగ వాసన లోపలికి కూడా వచ్చింది. బయట గేటు దగ్గర కాపలా ఖాన్ చాచా. పెషావర్ మనిషి. లోపల నేను ఒక్కణ్ణే. పెట్టెకు బారెడు దూరంలో కుర్చీ వేసుకున్నాను. దగ్గరికి వెళ్తే ఒంటి వేడికి నీళ్ళు కదులుతాయి. బల్ల మీద ఒక చిన్న దీపం. పెట్టె చల్లబడుతోంది. నీళ్ళు మెల్లగా దిగుతున్నాయి.

రెండు దాటింది. ఏసీ దానంతటదే ఆగింది. ఆగిందంటే... నిశ్శబ్దం. నా వాచీ చప్పుడు నాకు వినబడుతోంది.

అప్పుడు వినిపించింది.

ట్చ్.

ఏదో లోహం చల్లబడుతోంది అనుకున్నాను. చల్లబడితే చప్పుడొస్తుంది. నాకు తెలుసు. కదలకుండా కూర్చున్నాను.

పెట్టె పక్క అంచు మీద, ఎడమ చివర... ఒక మచ్చ. తెల్లగా. అద్దం మీద ఊపిరి వదిలితే మంచు పడుతుందే, అలా. రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దది. చూస్తుండగానే మాయమైంది. మాయమై... బెత్తెడు పక్కన మళ్ళీ పడింది. మాయమైంది. మళ్ళీ పక్కన.

జరుగుతోంది.

అంచు పొడవునా, మెల్లగా, ఎవరో మూతి దగ్గరగా పెట్టి జరుపుకుంటూ పోతున్నట్టు.

నేను ఊపిరి బిగబట్టాను. నాదేమో అని. మచ్చ ఆగలేదు. పెట్టెలోని గ్యాస్ బయటికి వస్తోందా? అది సిలిండర్లోంచి వచ్చే పొడి గ్యాస్. అందులో తడి ఉండదు. మంచు పట్టదు. అంత భయంలోనూ ఈ లెక్క వేశాను. నమ్మండి.

మచ్చ మూల తిరిగింది. అతుకులన్నీ దాటేసింది. ఇత్తడి ముక్కు దగ్గరికి వచ్చి... ఆగింది.

అక్కడే పడింది. మాయమైంది. అక్కడే మళ్ళీ పడింది. మూడుసార్లు. నాలుగోసారి చాలాసేపు ఉంది. ఎవరో ఓపిగ్గా, నేను చూసేదాకా ఆగినట్టు.

విచిత్రం ఏమిటంటే, అప్పుడు నాకు భయం పోయింది. వీపు మీద వెచ్చగా అనిపించింది. సామాన్ల గదిలో నిమిరినప్పుడు ఉన్నట్టు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

లేచేసరికి ఏమీ లేదు. బ్రష్‌తో ఇత్తడి ముక్కు మొదట్లో సబ్బునీళ్ళు పూశాను. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఒక బుడగ. ఆవగింజంత. మెల్లగా పెసరగింజంత. సన్నటి పగులు. చలికి తెరుచుకుంటోంది, పగటి వేడికి మూసుకుంటోంది. నా మోకాలు తగిలిన చోటు.

బయటికి పరుగెత్తాను.

"చాచా, కోయీ అందర్ ఆయా?"

"కౌన్ ఆయేగా సాబ్ ఇస్ ధువే మే?" ఈ పొగలో లోపలికి ఎవరొస్తారు అన్నాడు టీ కలుపుకుంటూ. నా మొహం చూసి ఆ గ్లాసు నాకే ఇచ్చాడు.

మర్నాడు ముక్కు మార్చాను. లీకు ఆగింది. నివేదికలో 'ఇత్తడి ముక్కులో లోపం, మార్చడమైనది' అని రాశాను. లోపం ఎలా వచ్చిందో రాయలేదు. అది రెండో తప్పు. పెట్టెలు ఓడెక్కాయి. నా భార్య వచ్చింది.

లింబాద్రి చనిపోయి ఉంటాడని నేను నిశ్చయించుకున్నాను. లేకపోతే ఆ ఊపిరి ఎవరిది? ఆర్మూరు వైపు వాళ్ళు ఎంతమంది కలిసినా అడగలేదు. అవునంటారని భయం.

ఏళ్ళు గడిచాయి. ఉద్యోగం జెద్దాకు మారింది. ఒక శుక్రవారం అక్కడి షరఫియా బజారులో టైలర్ దగ్గర బట్టలు తీసుకుని వస్తున్నాను. పక్క సందులో ఏసీలు బాగుచేసే కొట్టు. లోపల ఎవరో నేల మీద కూర్చుని పైపు బిగిస్తున్నాడు.

ట్చ్.

నా చేతిలో బట్టల సంచీ జారిపోయింది.

తల ఎత్తాడు. జుట్టు నెరిసింది. బుర్ర మీసం, అదీ నెరిసింది.

"ఏంది సారు, దయ్యాన్ని చూసినట్టు చూస్తున్నవ్?"

బతికే ఉన్నాడు! మళ్ళీ వీసా దొరికి వచ్చి నాలుగేళ్ళయిందట. స్టూలు తుడిచి కూర్చోబెట్టాడు. చాయ్ తెప్పించాడు. మీసం ఏమిటన్నాను.

"ఇప్పుడు లీకు చూడనీకి మిషినొచ్చింది. టీక్ టీక్ అని అదే ఒర్లుతది. నా మూతితోని పనిలేదు."

"ఆ చప్పుడు చేస్తున్నావుగా?"

"అలవాటు పోతలేదు."

ఆ రాత్రి సంగతి చెప్పాను. మచ్చ జరగడం, ఆగడం, అంతా. నవ్వకుండా విన్నాడు.

"ఆ రాత్రి నువ్వు ఎక్కడున్నావు?"

"ఇంటికాడనే ఉంటి. పన్నుంటి కావచ్చు. నాకేం యాదిలేదు సారు." కాసేపు మీసం మీద వేలు రాసుకున్నాడు. "దొరికింది కదా, మంచిగైంది. ఎక్కడుండె లీకు?"

చచ్చినవాడు వస్తే దయ్యం అంటారు. బతికి, ఎక్కడో పల్లెలో నిద్రపోతున్నవాడు వస్తే ఏమంటారు? నాకు ఈరోజుకీ తెలియదు. లోహం చల్లబడిన చప్పుడు, అలసిన కళ్ళు, నా తప్పు... ఈ మూడూ కలిసి అలా కనబడ్డాయా? అయితే సరిగ్గా అక్కడే ఎందుకు ఆగింది?

"ఇత్తడి ముక్కు దగ్గర," అన్నాను. "సైరన్ మోగిన రాత్రి... చీకట్లో..."

"నాకెరుకే సారు."

పైపు పక్కన పెట్టాడు.

"ఆ రాత్రే నీ ప్యాంటు మోకాలుకాడ చినిగి ఉండె. టార్చి ఎలుగుల చూసిన. పెట్టె ఎందుకు లీకైతుందో తర్వాత తర్వాత సమజైంది. ముదీర్ రూంల నువ్వు చెప్తవేమో అని చూసిన. బస్సు ఎక్కెదాక చూసిన."

కోపం లేదు ఆ గొంతులో. అదే తట్టుకోలేకపోయాను. స్టూలు దిగి అతని పక్కన, నూనె మరకల నేల మీద కూర్చున్నాను. అంతకుముందు ఎన్నడూ అతన్ని పిలవని పిలుపు నోట్లోంచి వచ్చింది.

"అన్నా... దాన్ని విరగ్గొట్టింది నేను. అడిగినప్పుడు నోరు మూసుకుని తల ఊపింది నేను. నీ అతుకులో ఏ లోపమూ లేదు, నీ పెదవి మొద్దుబారలేదు. అది తెలిసి కూడా నిన్ను బస్సెక్కనిచ్చాను. తప్పు చేశాను. నన్ను క్షమించు."