‘వద్దు’ అన్న మాటకు విలువ నేర్పిన ప్రమీలక్క

మంగళవారం ఉదయం ఆఫీసుకు బయలుదేరుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే ఫోన్ వచ్చింది. ప్రమీలక్క ఇక లేరని ఆమె మేనకోడలు చెప్పింది. కార్ఖానా ప్రాంతంలోని ఇంట్లో టీ తాగుతూ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. ముందురోజు సాయంత్రమే సీతాఫల్‌మండిలోని మా సాయంకాలపు బడిలో హాజరుపట్టీ విషయమై నాతో చక్కగా జగడమాడి వెళ్లిన మనిషి తెల్లవారేసరికి లేరంటే మనసు ఒప్పుకోలేదు. ఒక గుండీ పై కాజాలో పెట్టుకొని అలాగే వాళ్లింటికి వెళ్లానని తర్వాత ఎవరో చెబితే తెలిసింది. పరిపూర్ణ జీవితం, అనాయాస మరణం, ఏడవకూడదని అక్కడి పెద్దలు ఓదార్చారు. నిజమే. ఆమెను తలచుకుంటే దుఃఖం కన్నా ముందు నవ్వే వస్తోంది.

ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితురాలిగా పనిచేసి విరమించాక ఆమె మా బడికి వచ్చారు. కూలిపనులకు, ఇళ్లల్లో పనులకు వెళ్లే తల్లిదండ్రులు పొద్దుపోయాక గాని ఇల్లు చేరరు గనుక, వాళ్ల పిల్లలకోసం మేం కొందరం ధర్మార్థంగా నడుపుతున్న బడి అది. వ్యాకరణం చెబుతారనుకుంటే ఆమె వేరే పని అడిగారు. చదువు చెప్పేటోళ్లు మస్తుమంది ఉన్నరు, పిల్లలు పదిలంగ ఉన్నరా లేరా చూసేటోళ్లే లేరన్నారు. సేవ ఎంత ఉదాత్తమైనదైనా దాని చాటున పసివాళ్లకు హాని జరగకుండా మెలకువగా ఒకరుండాలన్నది ఆమె అచంచల విశ్వాసం. చేతులు కాలాక ఆకులు పట్టుకునే పని తనకు సరిపడదనేవారు.

ఆ మెలకువ మొదట నామీదే పడింది. మాది శ్రీకాకుళం. రైల్వే ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు ఉచితంగా లెక్కలు చెబుతానని వెళితే, నా నడవడికి ఇద్దరి ఉత్తరాలూ, పోలీసుల ధ్రువపత్రమూ తెమ్మన్నారు. నాకసలే ముక్కుమీద కోపం. నేనేమైనా దొంగనా అని అడిగేశాను. ఆమె నొచ్చుకోలేదు. “దొంగవని కాదు సార్. మీరెవరో నాకు తెల్వదు, పిల్లలకు సుత తెల్వదు. వాళ్లు అడగలేరు గదా, వాళ్ల తరఫున నేనడుగుతున్న” అన్నారు. కాగితాలు తీసుకెళ్లడానికి నాకు నెల పట్టింది. అందులో మూడు వారాలు అలకే.

తర్వాత వడ్రంగిని పిలిపించి తరగతి గదుల తలుపులన్నీ ఊడదీయించారు. మూసిన గదిలో ఒక పెద్ద, ఒక పిల్ల ఉండే అవకాశమే ఉండకూడదన్నారు. దాంతో నేను బీజగణితం చెబుతుంటే పక్క గదిలోంచి మొఘలు చక్రవర్తులు వచ్చిపడేవారు. ఫిర్యాదు చేస్తే, జెర గట్టిగా చెప్పుండ్రి, మొఘలులే పరేషాన్ అయి పోతరు అని నవ్వేశారు. అప్పటికి నేను ‘సార్’ నుంచి ‘తమ్ముడు’గా మారాను.

ఆమె ఔన్నత్యం నాకు తెలిసింది మాత్రం ఆమె చేసిన తప్పులోనే. మా బడికి ఒక ఆచారం ఉండేది. దాతలు తమ పుట్టినరోజున వచ్చి కేకు కోసి, పిల్లలను వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కరి నోట్లో ముక్క పెట్టి, బుగ్గ నిమిరి, ఫొటో తీయించుకునేవారు. ఊరంతా చేసేదే గనుక అందులో తప్పు మాకెవరికీ కనిపించలేదు. సైనిక్‌పురిలో ఉండే ఒక పెద్దాయన ఏటా అలాగే వచ్చేవారు. మా బడి నడిచేది ఆయన ఇచ్చిన గదుల్లోనే. ఆ ఏడు మౌనిక అనే పదకొండేళ్ల పిల్ల తన వంతు రాగానే వద్దంటూ వెనక్కి జరిగింది. అతిథులందరూ చూస్తున్నారు. ప్రమీలక్క ఆ పిల్ల వీపు మీద చెయ్యివేసి, పో బిడ్డా, పెద్దమనిషి, అని ముందుకు నెట్టారు. అందరం చప్పట్లు కొట్టాం.

మౌనిక మర్నాటినుంచి బడికి రాలేదు. మూడోరోజు వాళ్లమ్మ వచ్చి, ఎవరన్నా ముట్టుకుంటే పిల్లకు నచ్చదనీ, వద్దన్నా టీచరే నెట్టిందని ఏడుస్తోందనీ సంకోచిస్తూ చెప్పింది. ఇంత చిన్న విషయమా అని నేను సర్దిచెప్పబోయాను. ఆ పెద్దాయన దేవుడిలాంటి మనిషన్నాను. ప్రమీలక్క ముఖం వాడిపోయింది.

“ఆయన మంచోడే తమ్ముడూ. అది కాదు ముచ్చట. పిల్ల వద్దన్నది, నేను ఇనలే. రేపు నిజంగ చెడ్డోడొస్తే గీ పిల్ల ఎవరికి చెప్తది?”

ఫిర్యాదులు వినే బాధ్యత ఆమెదే. తనమీద వచ్చినదాన్ని తనే వింటే న్యాయం కాదని, నాకూ, కుట్టుపని నేర్పే సరోజగారికీ అప్పగించారు. మేం మౌనిక ఇంటికి వెళ్లి ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చేదాకా, ఆ రెండు వారాలూ ఆమె బడిలో అడుగుపెట్టలేదు. బయట మెట్ల మీద కూర్చునేవారు. ఎందుకక్కడ కూర్చున్నారని అడిగిన ప్రతి తల్లికీ కారణం దాచకుండా చెప్పేవారు. పరువు పోతుందని నేను గింజుకున్నాను. ఆమెకు ఆ బెంగే లేదు. మౌనిక తిరిగి వస్తుందా రాదా అన్నదొక్కటే బెంగ. చివరికి పిల్లలందరి ముందూ నిలబడి ఆ పిల్లను క్షమాపణ అడిగారు. మౌనిక వెళ్లి తన చోట కూర్చుంది. ప్రమీలక్క కళ్లు తుడుచుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నోట్లో కేకు పెట్టే ఆచారం ఆనాటితో ఆగింది. ఆ మాట పెద్దాయనకు ఫోనులో చెబుదామంటే వినక నన్ను వెంటబెట్టుకొని సైనిక్‌పురి వెళ్లారు. గదులు ఖాళీ చేయమంటే పిల్లలంతా వీధిన పడతారని దారిపొడవునా నాకు భయం. తనను అనుమానిస్తున్నారా అని ఆయన గాయపడ్డ గొంతుతో అడిగారు. “అనుమానం లేదు సార్. మంచోళ్లు పాటిస్తెనే కాయిదా నిలబడ్తది. మీరే పాటించకుంటే రేపు ఇంకొకర్ని ఎట్ల ఆపాలె?” అన్నారు ప్రమీలక్క. ఆయన ఖాళీ చేయమనలేదు. ఏడాదిపాటు మావైపు రాలేదు. మళ్లీ పుట్టినరోజుకు మాత్రం వచ్చారు. ఆ రోజు పిల్లలే కేకు కోసి, ప్లేట్లలో పెట్టి పంచారు. ఆయన తన ప్లేటు పట్టుకొని నేలమీద పిల్లల మధ్య కూర్చున్నారు. బుధవారం శ్మశానంలో అందరికన్నా చివర కదిలింది ఆయనే.

అలాంటి ధీరచిత్త మాకు మళ్లీ దొరకదు. నియమాలు రాసిపెట్టి వెళ్లారు గాని, వాటిని తనమీద మొదట ప్రయోగించుకునే ఆ నిర్మల హృదయాన్ని ఎక్కడినుంచి తెస్తాం? ఇక పిల్లలు నోరు విప్పుతారా, విప్పితే వినే దిక్కెవరు అని మథనపడుతూనే శుక్రవారం బడి తెరిచాను.

పాఠం మధ్యలో శ్రావణి లేచి నిలబడింది. ఆరో తరగతి పిల్ల, మాట్లాడితే వినపడనంత మెల్లగా మాట్లాడుతుంది. “సార్, లెక్క తప్పయితే మీరు చాక్‌పీసుతోని నెత్తిమీద కొడ్తరు. మెల్లగనే కొడ్తరు. కానీ నాకు మంచిగనిపిస్తలేదు” అంది.

ఎన్నో ఏళ్ల అలవాటు. ముద్దుగా కొడతాననుకున్నాను. కోపం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల మాత్రం తల దించలేదు, నా కళ్లలోకే చూస్తోంది. అప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంత అని చెప్పలేను. సరోజగారిని పిలిచి, ఇది నామీద ఫిర్యాదు, రాసుకోండి అన్నాను. తరగతి ముందే శ్రావణిని క్షమాపణ అడిగాను. సరే సార్ అని, పుస్తకం తెచ్చి తను చేసిన లెక్క చూపించింది. అదీ తప్పే. చేతులు వెనక్కి కట్టుకొని, నోటితో చెప్పాను.