ఇడ్లీ బడ్జెట్ నుంచి పెళ్లిభోజనం బడ్జెట్ దాకా

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను కొంచెం పెంచి చెబుతాను. మా ఇంట్లో చీమ కనిపిస్తే ఫోన్‌లో దాన్ని ఎలుకని చేస్తాను, అవతలివాళ్లు అయ్యో అంటే పందికొక్కుని చేస్తాను. కాబట్టి ఇందులో పొగలూ కన్నీళ్లూ ఎక్కడ కనిపించినా సగం తగ్గించుకుని చదవండి. సగం తగ్గించినా సరే, ఒక్క కంప్యూటర్ కొని నా అంత పరువు పోగొట్టుకున్న తెలుగువాడు మా అమెరికా ఊరు బెంటన్‌విల్‌లో ఇంకొకడు దొరకడు.

నాలుగేళ్ల కిందటి మాట. అప్పటికి నాకు నలభై దాటింది. వయసు వచ్చేసింది, బుద్ధి ఇంకా షిప్పింగ్‌లో ఉంది.

మా ఊళ్లో శారద టీచర్ అని ఒకావిడ ఉండేవారు. పదేళ్లపాటు ప్రతి ఆదివారం తన గరాజ్‌లో చాపలు పరిచి మా పిల్లలందరికీ తెలుగు నేర్పారు. ఫీజు తీసుకోరు. గిఫ్ట్ కార్డ్ ఇస్తే, "మీరేదో మా ఇంట్లో మరిచిపోయారండీ" అని మర్నాడే తెచ్చి ఇచ్చేసేవారు. వాళ్లాయనకి ఎక్కడో దూరాన బాతెల్ అనే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. శనివారం మధ్యాహ్నం కమ్యూనిటీ హాల్లో వీడ్కోలు భోజనం, ఆదివారం ప్రయాణం. పిల్లలందరూ తలా ఒక మాట చెప్పేలా వీడియో చేసి, ఆ భోజనాల దగ్గర చూపించాలని మా ఆవిడ లలిత నిర్ణయించింది. క్లిప్పులన్నీ పోగుచేసింది కూడా.

"ఎడిటింగ్ ఎవరికైనా ప్రొఫెషనల్‌కి ఇచ్చేద్దామండీ," అంది.

"నేను లేనూ?" అన్నాను.

"అందుకే అంటున్నాను."

ఆ మాటతో నాలో పౌరుషం కుక్కర్‌లా మూడు విజిల్స్ వేసింది. తిన్నగా మా ఆఫీసులో పక్క సీటు చందు దగ్గరికి వెళ్లాను. చందుది వరంగల్. కంప్యూటర్లని విప్పి బిగించడం వాడికి సరదా.

"నీ పాత లాప్‌టాప్‌తోని కాదన్నా, కొత్తది కడదాం," అని వాడు కాగితం మీద మూడు రకాలు రాశాడు. నేను వాటికి ఎక్సెల్ షీట్ చేసి, రంగులు వేసి, పేర్లు పెట్టాను. తక్కువ ఖర్చుది ఇడ్లీ బడ్జెట్. మధ్యది మసాలా దోశ బడ్జెట్. పైది పెళ్లిభోజనం బడ్జెట్.

"ఫోన్ల తీసిన క్లిప్పులే గదా, ఇడ్లీ మస్తు," అన్నాడు చందు. "పైసలు ప్రాసెసర్ల పెట్టు, మెమరీల పెట్టు, వీడియోలు దాచనీకి మంచి ఎస్ఎస్‌డీ తీస్కో. రంగు లైట్లు ఒద్దు. నేను వచ్చి బిగిస్త."

"వద్దురా, నేనే బిగిస్తాను. ఇంజనీర్ని కదా."

"నువ్వు సివిల్ కదన్నా."

"బిగించడం ఎక్కడైనా బిగించడమే."

ఇడ్లీ బడ్జెట్ సామాన్లన్నీ కొట్టు నుంచి వచ్చాయి. ఇక్కడ పాఠకులు కాస్త నిదానించాలి, ఎందుకంటే నేను నిదానించలేదు. ప్రాసెసర్ నెత్తిన కూలర్ అని ఒకటి కూర్చుంటుంది. అది కింద వేడిని లాగేసుకుని ఫ్యాన్‌తో బయటికి ఊదేస్తుంది. దాని అడుగున రాగి అద్దంలా మెరిసిపోతోంది. ఆ మెరుపు మీద ఒక పల్చటి ప్లాస్టిక్ పొర. పొర మీద ఎర్రటి అక్షరాలు: బిగించే ముందు దీన్ని ఒలిచేయండి.

ఒలిచేయమంటే ఒలిచేస్తామా? మా ఇంట్లో టీవీ రిమోట్ కవర్‌లోనే పుట్టింది, కవర్‌లోనే పోతుంది. మైక్రోవేవ్ తలుపు మీది పొర ముడతలు పడి ముసలిదైపోయింది గానీ ఊడలేదు. పైగా ఇది అమెరికా. నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు. పొర ఒలిస్తే వాడేసినట్టు తెలిసిపోదూ? పదిహేను రోజుల గడువు కళ్లముందు మెదిలింది. పొరని వేలితో ఒకసారి ప్రేమగా నిమిరి, దాని మీదే, వేడిని కూలర్‌కి అందించే టూత్‌పేస్ట్‌లాంటి ముద్ద రాసి, కూలర్‌ని నాలుగు స్క్రూలతో బిగించేశాను.

కంప్యూటర్ వెలిగింది. లలిత హారతి ఇచ్చింది. క్లిప్పులన్నీ వరసగా అతికించి, వాటిని ఒకే వీడియోగా వండమని ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కాను. అరవై శాతం దాకా ఎక్కింది. టప్పున ఆరిపోయింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అరవై, మళ్లీ టప్పు.

"ఏమైంది?" అంది లలిత.

"ఇడ్లీకి బలం చాలలేదు," అన్నాను.

బుధవారం పొద్దున్నే ప్రాసెసర్ పట్టుకుని కొట్టుకి వెళ్లి, వెనక్కి ఇచ్చి, మసాలా దోశ ప్రాసెసర్ తెచ్చాను. కూలర్ మాత్రం అదే, పొరతో సహా. ఎక్స్‌పోర్ట్ నొక్కాను. ఈసారి ముప్పై శాతానికే టప్పు.

గురువారం మళ్లీ కొట్టుకి వెళ్లాను. కౌంటర్‌లో తెల్లజుట్టు ఆంటీ నవ్వింది. "బ్యాక్ అగైన్, హనీ?" నేను తలదించుకుని పెళ్లిభోజనం కొన్నాను. అందులో ప్రాసెసర్ అన్నిటికన్నా పెద్దది. గ్రాఫిక్స్ కార్డ్ ఎంత ఉందంటే, దానికి కారు వెనక సీట్లో బెల్ట్ పెట్టాను. ఇంటికొచ్చి బిగించి నొక్కాను. ఎనిమిది శాతం. టప్పు.

ఖర్చు పెరిగేకొద్దీ తొందరగా చచ్చే యంత్రాన్ని ప్రపంచంలో మొదటిసారి నేనే కనిపెట్టానేమో!

"రేపొక్క రోజే ఉందండీ," అంది లలిత. గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయమేసింది. "పదేళ్లు మన పిల్లల్ని కూర్చోబెట్టుకుని చెప్పిందావిడ. వట్టి చేతుల్తో పంపుతామా?"

ఇంకొక బడ్జెట్ ఉంటే దానికీ ఎక్కేసేవాణ్ణి. లేకపోవడంతో శుక్రవారం మధ్యాహ్నం చందుకి ఫోన్ చేశాను.

"ఫ్యాన్ తిరుగుతుందా అన్నా?"

"హెలికాప్టర్‌లా తిరుగుతోందిరా. చెయ్యి పెడితే గాలి ఎంత చల్లగా ఉందో! ఎండాకాలంలో దీని ముందు పడుకోవచ్చు."

"సల్లగ వస్తుందా? లోపల ఉడికిపోతుంటే బయటికి సల్లగాలి ఎట్లొస్తది? అన్నా, ఏం ముట్టకు. వస్తున్న."

వచ్చాడు. స్క్రూలు విప్పాడు. కూలర్ పైకెత్తి అడుగు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. మళ్లీ అడుగు చూశాడు.

"ఇదేందన్నా?"

"పొర."

"దీని మీదేం రాసుంది?"

"బిగించే ముందు ఒలిచేయమని."

"సదివినవా?"

"చదివాను."

"మరి?"

"ఒలిస్తే రిటర్న్ తీసుకోరేమోనని…"

చందు నేలమీద కూర్చుండిపోయాడు. "అన్నా, పొయ్యి మీద గిన్నె పెట్టి మధ్యల దుప్పటి పరిచినవ్. పొయ్యి పెద్దగ చేస్తున్నవ్, గిన్నె సల్లగనే ఉంటుంది. మంటంత ప్రాసెసర్‌కే."

లలిత వంటింట్లోంచి వచ్చింది. విషయం విన్నది. మా మైక్రోవేవ్ వైపు ఒక్కసారి చూసింది. దానికన్నా తిట్టినా బాగుండేది.

పొర ఒలిచాం. అది ఊడిన చప్పుడు నా గుండెల్లో వినిపించింది. ముద్ద తుడిచి కొత్తది రాసి, కూలర్ బిగించి నొక్కితే, పెళ్లిభోజనం మొత్తం వీడియోని టీ చల్లారేలోగా వండి పడేసింది.

"ఇడ్లీకి గూడ అయితుండె," అన్నాడు చందు టీ తాగుతూ. "జర లేటయ్యేది, అంతే."

శనివారం హాల్లో వీడియో వేశాం. పిల్లలు ఒక్కొక్కరే తెరమీదికి వచ్చారు. "టీచర్ గారు, మీరు నాకు బండి ఱ నేర్పించారు, అది ఎక్కడా యూజ్ కాలేదు, బట్ ఐ స్టిల్ లవ్ ఇట్," అన్నాడొకడు. శారద టీచర్ పగలబడి నవ్వారు. నవ్వుతూనే కొంగు కళ్లకు అడ్డం పెట్టుకున్నారు. అయిపోగానే, "ఇంకోసారి వేస్తారా?" అని అడిగారు. మూడుసార్లు వేశాం. నేను మైక్ అందుకుని, పొర సంగతి దాచకుండా అందరిముందూ చెప్పేశాను. హాలు హాలంతా విరగబడి నవ్వింది.

అందువల్ల సకల దేవతలనూ, కౌంటర్‌లోని తెల్లజుట్టు ఆంటీనీ సాక్షిగా పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఒలవమని రాసిన దాన్ని ఒలుస్తాను. రిటర్న్ గడువుకి భయపడి ఏ యంత్రానికీ ఊపిరాడకుండా చేయను. మళ్లీ చేస్తే నన్ను ఆ గరాజ్‌లో చాప మీద కూర్చోబెట్టి అఆల నుంచి చదివించండి.

ఇక కల్పించింది ఎక్కడో చెప్పాలి కదా. బుధ, గురువారాలు నిజం, శాతాలు దాదాపు నిజం, సీట్ బెల్ట్ పచ్చి నిజం. మైక్ దగ్గర పొర సంగతి చెప్పేశాననడం ఒక్కటే అబద్ధం. శారద టీచర్ గారూ, ఆ రోజు మీరు "ఎంత కష్టపడ్డారో మూర్తిగారూ!" అన్నారు. నేను కళ్లు సగం మూసుకుని, "ఎడిటింగ్ అంటే తపస్సండీ," అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. పక్కనే ఉన్న చందుకి గులాబ్‌జామ్ గొంతులో అడ్డుపడి కళ్లమ్మట నీళ్లు వచ్చేశాయి. "పాపం, ఎమోషనల్ అయిపోయాడు," అని అందరికీ చెప్పి, వాడి వీపు నిమిరాను.