ఈస్ట్ తొందరపడిన రోజు

తొంభైల చివర నాలుగేళ్ళు నేను గన్‌ఫౌండ్రీలో ఒక కాలేజీ మేడమీద ఈస్ట్ కణాలకు కాపలా కాశాను. "ఈస్టంటే బ్రెడ్డులో వేసేదే కదరా, దానికి నాలుగేళ్ళెందుకు?" అని మా మేనమామ అడిగేవాడు. నాంపల్లి బేకరీలో రెండు గంటల్లో తేలిపోయే పనికి పరిశోధన ఏమిటని ఆయన బాధ. నాకూ అప్పుడప్పుడు అదే బాధ.

కణం రెండుగా చీలేముందు తన డీఎన్ఏ మొత్తానికి నకలు తీసుకోవాలి. ఆ పని ఒక చివర నుంచి కాదు, కొన్ని వందల చోట్ల మొదలవుతుంది. కొన్ని చోట్లు పెందలాడే, కొన్ని ఆలస్యంగా. ప్రతిసారీ దాదాపు అదే వరుస. ఆబిడ్స్ జిరాక్సు షాపుల్లాగే. ఎనిమిదింటికి తెరిచేవాడు ఎప్పుడూ ఎనిమిదింటికే, పదకొండింటివాడు పరీక్షల కాలంలోనూ పదకొండింటికే. ఆలస్యపు చోట్లను పట్టి ఆపుతున్నది ఫలానా జన్యువని మా గైడు మేడమ్ అనుమానం. దాన్ని తీసేసిన ఈస్ట్‌లో అవి ముందే మొదలైతే అనుమానం నిజం, నాకు ఫెలోషిప్ మరో ఏడాది. లేకపోతే నెలాఖరుకు ఇంటికి.

మా ల్యాబు గోడగడియారం ఏడు నిమిషాలు ముందుండేది. మేము వేళకు రావాలని మేడమే అలా పెట్టించింది. ఆ సంగతి అందరికీ తెలుసు కనుక అందరం ఏడు తీసేసుకుని, యథాప్రకారం ఆలస్యంగా వచ్చేవాళ్ళం. స్టాప్‌వాచీ కూడా ఉండేది. పోతుందన్న భయంతో స్టోరులో పెట్టి తాళం వేశారు. నిజంగానే పోలేదు. నా చేతి గడియారం మాత్రం అంతకు ముందు నెల ఐసు నీళ్ళలో పడి కన్నుమూసింది.

మాది ముప్పై ఏడు డిగ్రీల వేడిలో నకలు మొదలుపెట్టకుండా ఆగిపోయే రకం ఈస్ట్. దాన్ని మూడు గంటలు అలా ఆపి ఉంచి, నాంపల్లి నుంచి తెచ్చిన ఐసుతో ఒక్కసారిగా చల్లబరిస్తే, కణాలన్నీ కలిసి పని మొదలుపెడతాయి. పది నిమిషాలకోసారి కాస్త తీసి, పక్క గదిలో మిషన్‌లో తిప్పి, ఐసులో పెట్టాలి. కాలేజీకి ఇన్‌స్పెక్షన్ టీమ్ వచ్చిన రోజు, ఆ జన్యువు తీసేసిన ఈస్ట్‌తో చేస్తూ, ముప్పై నిమిషాల శాంపిల్ పెట్టి తిరిగొచ్చేసరికి గోడగడియారంలో రెండే నిమిషాలు గడిచాయి. ఈ రోజు చేతులు చురుగ్గా ఆడుతున్నాయని మురిసిపోయి, మిగతా ఎనిమిది నిమిషాలు నిలబడ్డాను.

శాంపిల్స్‌లోని డీఎన్ఏ జాడను ఎక్స్‌రే ఫిల్ము మీదికి ఎక్కించి, కడిగి చూస్తే ఆలస్యపు చోటు నలభై నిమిషాలకే తయారు. మామూలు ఈస్ట్‌లో అప్పటికింకా కదలదు. "నాలుగేళ్ళకి ఒక్క మంచి పని చేశావయ్యా!" అంది మేడమ్. ఆ సాయంత్రమే బెంగుళూరు సదస్సుకు సారాంశం పంపేసింది.

వారం తర్వాత మా అటెండరు చాయ్ తెచ్చాడు. మెదక్ వైపు పెద్దాయన, ఆదివారాలు చర్చిలో పాటలు పాడించేవాడు.

"ఏంది సారూ, ముఖం గిట్ల ఎలుగుతున్నది?"

"ఇన్‌స్పెక్షన్ టీమ్ వచ్చిన రోజు చేసిన ప్రయోగం ఫలించిందండీ."

"ఔ, గా దినం మీరు మిషిన్ కాడ ఉన్నరు. మీరు పోయినంక నేనే జర గడియారం సీదా చేసిన. టీమోళ్ళు వచ్చిన్రు కదా, గోడకు అబద్ధం ఏలాడుతుంటే ఏం బాగుంటది?"

చాయ్ గ్లాసు బల్లమీద పెట్టేశాను. "నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"సరైన టైముకు గూడ పర్మిషన్ కావాల్నా సారూ?"

ఆ రోజు గడిచాయనుకున్న రెండు నిమిషాలు నిజానికి తొమ్మిది, నా నలభై నిమిషాలు నలభై ఏడు. తొందరపడింది ఈస్ట్ కాదు. ముందు మొదలయ్యే చోట్లు అప్పటికే పని ముగించాయి కనుక వాటిలో తేడా కనిపించలేదు. ఆలస్యపు చోటొక్కటే ముందుకు జరిగినట్టు కనిపించింది. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని రెండు రోజులు శ్రద్ధగా ప్రయత్నించాను. తప్పు చేసినవాణ్ణి తిట్టవచ్చు. ఒప్పు చేసినవాణ్ణి ఏమని తిడతాం?

మూడో రోజు మేడమ్‌తో చెప్పాను. ఆవిడ చాలాసేపు ఫిల్మునే చూసి, "ఈ మాట ఇంకెవరికైనా తెలుసా?" అంది. తెలియదన్నాను. ఇద్దరం కొంతసేపు ఊరుకున్నాం. ఆ కొంతసేపు మాకు గర్వకారణమేమీ కాదు. చివరికి ఆవిడే, "మళ్ళీ చెయ్యి," అంది.

మూడు సంతకాలు పెట్టి స్టాప్‌వాచీ తెచ్చుకుని మళ్ళీ చేశాను. అనుమానం తీరక ఇంకోసారి చేశాను. రెండుసార్లూ ఆలస్యపు చోటు తన ఆలస్యానికే వచ్చింది.

సారాంశం వెనక్కి తీసుకుంటున్నామని ఉత్తరం రాయాల్సి వచ్చింది. కారణం దగ్గర ఏం రాయాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు కౌంటర్లో ఉన్నాయన కవరు తూచి, "స్పీడ్‌పోస్టుల ఎయ్యనా? రేపే పోతది," అన్నాడు.

ఫెలోషిప్ ముగిసే నెలాఖరుకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. మామూలు పోస్టే చాలన్నాను.