డిస్కు దాకా రాని పిలుపు

కంప్యూటర్ తెర మీద ‘సేవ్ అయింది’ అని కనబడగానే నమ్మేసేవాళ్లని చూస్తే నాకు నవ్వొచ్చేది. ఆ మాటలో నిజమెంతో చూడడమే నా ఉద్యోగం. మనం రాసింది వెంటనే డిస్కు మీదకి వెళ్లదు. ముందు మెమరీలో కూర్చుంటుంది. డిస్కుది నత్తనడక, దానికోసం మనల్ని నిలబెట్టడం ఎందుకని, ఆపరేటింగ్ సిస్టమ్‌ని లోపల నుంచి నడిపే కెర్నల్ “సరే, అయింది, నువ్వెళ్లు” అని మనల్ని పంపించేస్తుంది. ఆ తర్వాత తెర వెనక ఉండే చిన్న ప్రోగ్రాములు తీరిక చూసుకుని లేచి, అర నిమిషం అటూ ఇటుగా, ఆ రాతని డిస్కుకి చేరవేస్తాయి. అవి ఎప్పుడు లేవాలి, ఒక్కో విడతకి ఎంత మోయాలి, ఇదంతా చక్కబెట్టే బృందంలో నేనొకదాన్ని.

బరంపురంలో గేట్ బజార్ వెనక వీధిలో, అద్దె ఇంట్లో కూర్చుని ఈ పని చేస్తాను. నా గదిలో ఒక పాత కంప్యూటర్ ఉంది. దాన్ని కావాలనే ఇన్వర్టర్‌కి కలపలేదు. రాస్తుండగా కరెంటు పీకేస్తే ఏం మిగులుతుంది, ఏం పోతుంది అని చూడడానికే అది ఉంది. చీటికీ మాటికీ దాని ప్లగ్గు పీకేదాన్ని. ఏం పోయినా నాకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. అవన్నీ పరీక్ష కోసం పుట్టించిన ఉత్తుత్తి అక్షరాలు.

మాది ఆర్యపల్లి. నాన్న అక్కడ సముద్రం ఒడ్డున చేపల వేలం వేసేవాడు. తెలుగులో మొదలుపెట్టి, ఒడియాలో ధర పెంచి, బేరగాళ్లని ఆటపట్టించి, వాళ్లు నవ్వుతుండగానే సరుకు అమ్మేసేవాడు. కెరటాల హోరు మీద కూడా ఆయన కేక వినబడేది. ఆ గొంతులోనే పుండు లేచింది. స్వరపేటిక మొత్తం తీసేయాలి, ప్రాణానికి భయం లేదు గానీ మాట ఉండదు అన్నాడు డాక్టరు. ఆపరేషన్ కోసం అమ్మానాన్నలిద్దరూ నా ఇంటికి వచ్చారు.

ఆస్పత్రిలో చేరాల్సిన రోజు మధ్యాహ్నం, ఎండబెట్టిన నెత్తళ్ల చేపలు తీయడానికి అమ్మ మేడ మీదకి వెళ్లింది. అదే అదనుగా నాన్న నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

“అమ్మడూ, నా గొంతు నీ మిసన్లో ఎట్టగలవా?”

“ఎడతాను నాన్నా. ఏటి మాటాడతావు?”

అంత పెద్ద మనిషీ కొత్త పెళ్లికూతురిలా కాలి బొటనవేలితో నేల రాశాడు. “మీ అమ్మని పేరెట్టి పిలుత్తాను. ఎప్పుడూ పిలవనేదు. ఎదురుగుంటే అది సిగ్గుపడి సచ్చిపోతాది. నానూ అంతే. నాను ఇంటికొచ్చినాక ఇనిపించు. అప్పుడు అది నన్ను తిట్టినా తిరిగి అనడానికి నాకు నోరుండదు.”

మా వాళ్లలో భార్యని పేరుతో పిలవడం ఉండదు. నాన్నకి అమ్మ ఎప్పుడూ ‘ఏటే’. ఊళ్లోవాళ్లు నా పేరు చెప్పి ‘ఫలానా దాని అమ్మ’ అంటారు. ఆ పేరు రేషన్ కార్డు మీద చూశాను తప్ప ఎవరి నోటా వినలేదు.

నా ల్యాప్‌టాప్ రిపేరులో ఉంది, ఫోన్లో గొంతు పీలగా పడుతుంది. అందుకని ఆ పాత కంప్యూటర్‌కే మైకు తగిలించాను. మొదట వేలం గొంతుతో పిలిచాడు. మేడ మీదకి వినబడిందేమోనని తనే కంగారుపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా పిలిచాడు. ఇంకోసారి పిలిచి, “ఇన్నావేటే?” అన్నాడు. అంత మెత్తటి గొంతు ఆయనకి ఉందని నాకప్పటిదాకా తెలియదు. సేవ్ నొక్కాను. అయిందని తెర మీద వచ్చింది.

“అయిపోయింది నాన్నా” అన్నాను నేను కూడా.

అంతలో ఉరిమింది. గంజాం తీరంలో ఉరుము వింటే జనం చేసే మొదటి పని కరెంటు మెయిన్ స్విచ్చి దించడం. ఒకసారి పిడుగు పడి మా టీవీ మాడిపోయినప్పటి నుంచి అమ్మకి ఆ భయం మరీ పట్టుకుంది. నెత్తళ్ల చాట నడుముకి ఆనించుకుని మెట్లు దిగుతూనే, రెండో చేత్తో మెయిన్ కిందకి లాగేసింది. ఫ్యాను ఆగింది. తెర నల్లబడింది.

“నీ మిసను కాలిపోకుండా దించేసినాను” అంది, గొప్పగా.

వాన వెలిశాక ఆన్ చేసి చూశాను. ఫైలు పేరు కనబడింది. బయట ఆటో వాడు ఒకటే గోల. పేరుంది కదా అని గుండె కుదుటపడి బయల్దేరాను. ఆటోలో నాన్న చెవిలో “ఉంది” అని చెప్పాను. దొంగనవ్వు నవ్వాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. నాన్న ఇంకా ఆస్పత్రిలో ఉండగానే, బట్టల కోసం ఇంటికొచ్చినప్పుడు, ఆ గొంతు వినాలని ప్రాణం కొట్టుకుపోయి ఫైలు తెరిచాను. లోపల ఏమీ లేదు. సైజు సున్నా. పేరు ముందే డిస్కు మీదకి వెళ్లింది. పిలుపు మాత్రం మెమరీలో తన వంతు కోసం ఆగి ఉండగా కరెంటు పోయింది. ఇలాంటి ఖాళీ ఫైళ్లు పరీక్షల్లో ఎన్నో చూశాను. అయినా డిస్కంతా గాలించాను. రాయనే రాయనిదాన్ని ఎక్కడని వెతుకుతాను? నేల మీద కూలబడి బావురుమన్నాను. నా ఉద్యోగాన్నీ ఆ ఉరుమునీ తిట్టుకున్నాను. అమ్మని తిట్టుకోవడానికి నోరు రాలేదు.

నాన్న ఇంటికొచ్చాడు. మెడ మీద చిన్న రంధ్రం, దానికి అడ్డంగా పల్చటి గుడ్డ. గొంతుకి ఆనించి మాట్లాడే మిషను ఒకటి ఇచ్చారు గానీ, దాంతో ఎవరు మాట్లాడినా ఒకేలా గరగరమంటుంది. ఒక్కసారి విని పక్కన పడేశాడు. కొన్నాళ్లకి కాస్త కోలుకుని, మంచం మీద కూర్చుని, నాకు తన చెవి చూపించి, అమ్మ వైపు కళ్లు తిప్పాడు. వినిపించమని.

“పోయింది నాన్నా” అన్నాను. “ఆ దినం కరెంటు పోయింది కదా, దాంతోనే పోయింది.”

“కరెంటు పోవడమేటి, నానే దించినాను” అంది అమ్మ, అన్నం గిన్నె దించుతూ. “ఏటి పోయింది?”

నేను నోరు తెరిచేలోపే నాన్న చెయ్యి అడ్డంగా ఊపాడు. తెలిస్తే ఆ మెయిన్ దించిన చేతిని ఆమె బతికున్నంతకాలం తిట్టుకుంటుందని ఆయనకి తెలుసు. ఇంక నన్ను చూడలేదు. అమ్మనే చూశాడు. పెదాలు కదిపాడు, ఊపిరి శబ్దం తప్ప ఇంకేమీ రాలేదు. ఆ రోజు మైకు ముందు చూసినదాన్ని కాబట్టి నేను పోల్చుకున్నాను. మళ్లీ కదిపాడు, ఇంకా నెమ్మదిగా, నేనక్కడ ఉన్నానన్న సిగ్గు కూడా లేకుండా.

అమ్మ ఆయన ముఖంలోకి వంగి చూసింది. ఆ పెదాల మీద తన పేరు ఆమె ఎన్నడూ చూడలేదు.

“నీల్లా మావా? ఉండు, తెత్తాను” అంది.

గ్లాసు నిండా తెచ్చింది. నాన్న ఆ నీళ్లన్నీ తాగి, గ్లాసు ఆమె చేతికిచ్చాడు.