అత్తమ్మ తీసేసిన నిచ్చెన

మాది ఏన్కూరు దగ్గర పల్లె. పెరట్లో మామిడిచెట్టు మా అత్తమ్మ తన చేత్తో నాటింది. లోపల కొమ్మలు గుబురుగా పెరిగి, ఎండ తగలక, కాయలన్నీ నల్లమచ్చలే. కిందటేడు కాపు అయిపోయాక ఆ కొమ్మలు కోద్దామనుకున్నాను. చెబితే ఒప్పుకోదని, ఆమె రేషన్‌ బియ్యానికి పోయిన టైం చూసి, నిచ్చెన వేసుకుని రంపంతో చెట్టెక్కాను.

తూర్పు వైపు మూడో కొమ్మ పడేసరికి అత్తమ్మ వచ్చేసింది. నిచ్చెన లాగి గోడకు వేసింది.

"కాసే చెట్టును కోస్తవా? గాడ్నే ఉండు!"

మా ఆయన సత్తుపల్లి పోయాడు. ఫోను కింద మంచం మీదుంది. కాలు పెట్టి దిగడానికి ఉన్న ఒక్క కొమ్మనూ నేనే మొదట కోసేశాను. ఇంతలో ఎర్రచీమల గూడు చిరిగి, చీమలు జాకెట్లోకి దూరాయి. చెయ్యి వదిలితే పడతాను, వదలకుంటే చీమలు కొరుకుతున్నాయి. ఏడుపొచ్చేసింది.

"అత్తమ్మా, చీమలు! నీకు దండం పెడ్త, నిచ్చెన వెయ్యి!"

"ఇంకో కొమ్మ ముట్టనని ఈ చెట్టు మీద ఒట్టెయ్యి."

వేశాను. ఆ చీమలకు ఎవరైనా వేస్తారు.

ఈ ఏడు తూర్పు వైపు కాయలు బంగారంలా, ఒక్క మచ్చ లేకుండా వచ్చాయి. పడమర వైపు మళ్లీ నల్లమచ్చలే. కాపయ్యాక అత్తమ్మే రంపం తెచ్చింది.

"నాకు ఒట్టుంది గదా అత్తమ్మా," అన్నాను.

"అవ్‌, నీకుంది. నాకేం లేదు," అని చీర ఎగ్గట్టి ఎక్కింది.

ఈసారి నిచ్చెన నా చేతుల్లో ఉంది. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం లాగేద్దామనిపించింది. కానీ ఆమె దిగేదాకా గట్టిగా పట్టుకునే నిలబడ్డాను.